అధ్యక్షుల వరుసలో అమెరికా చరిత్ర: కనిపించేదేమిటి, జారిపోయేదేమిటి

1865 ఫిబ్రవరి 1న అబ్రహాం లింకన్ తన సంతకం అక్కర్లేని చోట సంతకం పెట్టాడు. బానిసత్వాన్ని రద్దు చేసే 13వ రాజ్యాంగ సవరణ తీర్మానం అది. అంతకు ముందు రోజే ప్రతినిధుల సభలో నెగ్గింది. అమెరికాలో రాజ్యాంగ సవరణ అధ్యక్షుడి బల్ల మీదికి రానే రాదు. ఉభయ సభల్లో మూడింట రెండొంతుల ఓట్లు పడాలి, ఆ తర్వాత నాలుగింట మూడొంతుల రాష్ట్రాలు ఒప్పుకోవాలి. వారం తిరక్కుండానే సెనేట్ ఆ సంతకం అనవసరమని తీర్మానించి మరీ రికార్డుకెక్కించింది. సవరణకు కావలసిన రాష్ట్రాల సంఖ్య డిసెంబర్ 6న జార్జియాతో నిండింది. అప్పటికి లింకన్ హత్య జరిగి ఏడు నెలలు దాటింది. పదవిలో ఉన్న ఆండ్రూ జాన్సన్ ఒకప్పుడు టెనసీలో స్వయంగా బానిసలను ఉంచుకున్నవాడు.

అయినా లోకంలో నిలిచిన వాక్యం ‘లింకన్ బానిసత్వాన్ని రద్దు చేశాడు’ అనేదే. అబద్ధం కాదు గానీ, చాలామంది చేతుల మీదుగా ఏళ్ల తరబడి నడిచిన వ్యవహారాన్ని ఒక్క పేరు కింద సర్దేసిన వాక్యం. అమెరికా చరిత్రను చెప్పుకునే తీరు చాలావరకు ఇలాగే ఉంటుంది: ఒక అధ్యక్షుడు, ఒక అధ్యాయం. మన బళ్లలో రాజవంశాల పట్టికలు బట్టీ పట్టించినట్టే అక్కడ వాషింగ్టన్, ఆడమ్స్, జెఫర్సన్, మాడిసన్, మన్రో అని వరుస చెప్పిస్తారు. ఈ పద్ధతికి నిజమైన ఉపయోగం లేకపోలేదు. నాలుగేళ్లకోసారి తప్పకుండా ఎన్నిక జరుగుతుంది. 1864లో అంతర్యుద్ధం మధ్యలో కూడా ఆగలేదు. కాబట్టి అధ్యక్షుడి పేరు చెబితే కాలం చప్పున గుర్తుకొస్తుంది. కాలాన్ని గుర్తుపెట్టుకోవడానికి వాడుకున్న పేరునే ఆ కాలంలో జరిగినవాటికి కారణమనుకున్నప్పుడు చిక్కు మొదలవుతుంది.

వరుస సంఖ్యలోనే చిన్న మెలిక ఉంది. ఇప్పటివరకు 47 అధ్యక్ష పదవులు లెక్కకు వచ్చినా మనుషులు మాత్రం 45 మందే. గ్రోవర్ క్లీవ్‌లాండ్ 1884లో గెలిచి, 1888లో బెంజమిన్ హారిసన్ చేతిలో ఓడి, 1892లో మళ్లీ గెలిచాడు. అందుకే 22, 24 రెండూ ఆయనవే. డొనాల్డ్ ట్రంప్‌కు 45, 47 అలాగే వచ్చాయి. అంతకంటే పెద్ద మెలిక వరుస ఎక్కడ మొదలైందన్నది. జార్జ్ వాషింగ్టన్ న్యూయార్క్‌లో ప్రమాణం చేసింది 1789 ఏప్రిల్ 30న. స్వాతంత్ర్య ప్రకటన 1776లోనే వెలువడింది. ఆ మధ్య దాదాపు 13 ఏళ్లు దేశం నడిచింది, యుద్ధం గెలిచింది, 1783లో పారిస్ సంధి చేసుకుంది. 1787 జులైలో ఒహాయో నదికి వాయవ్యాన ఉన్న భూముల్లో బానిసత్వం ఉండకూడదని ఆర్డినెన్స్ కూడా తెచ్చింది. ఇప్పటి అర్థంలో అధ్యక్షుడనేవాడు లేకుండానే ఇదంతా జరిగింది. అధ్యక్షుల వరుసలో చెప్పే పుస్తకాల్లో ఈ కాలం ముందుమాటలా పది పేజీల్లో ముగిసిపోతుంది.

విముక్తి ఎవరి చేతుల మీదుగా నడిచింది

13వ సవరణ దగ్గరికే మళ్లీ వద్దాం. లింకన్ విముక్తి ప్రకటన 1863 జనవరి 1న వెలువడింది. దాని పాఠం చదివితే ముందుగా కంటపడేది మినహాయింపుల జాబితా. యూనియన్‌ను, అంటే తిరుగుబాటు చేసిన దక్షిణాది రాష్ట్రాలతో పోరాడుతున్న కేంద్ర ప్రభుత్వ పక్షాన్ని, వదలని కెంటకీ, మిస్సోరి, మేరీలాండ్, డెలావేర్‌ల ప్రస్తావనే లేదు. అప్పటికే యూనియన్ సైన్యం చేతికి వచ్చిన టెనసీ కూడా అందులో లేదు. లూసియానాలో 13 పారిష్‌లనూ (అక్కడ కౌంటీలను అలా అంటారు), వర్జీనియాలో విడి రాష్ట్రం కాబోతున్న 48 కౌంటీలతో పాటు మరికొన్నిటినీ విడిగా చెప్పి మరీ వదిలేశారు. చదివినవాళ్లకు ఇది లింకన్ పిరికితనంలా కనిపించవచ్చు. అసలు కారణం చట్టానిది. సర్వసైన్యాధిపతిగా యుద్ధ అధికారం కింద ఇచ్చిన ఉత్తర్వు అది. తిరుగుబాటు లేని చోట ఆ అధికారం చెల్లదు. కోర్టుకెక్కితే నిలవదన్న భయం లింకన్‌కు గట్టిగానే ఉండేది. రాజ్యాంగ సవరణ కోసం అంత పట్టుబట్టింది కూడా అందుకే.

ఈ కథ 1863కు ముందే మొదలైంది. 1861 మే నెలాఖరులో వర్జీనియా తీరాన ఫోర్ట్ మన్రో అనే యూనియన్ కోటకు ముగ్గురు మనుషులు రాత్రిపూట పడవలో వచ్చి చేరారు: ఫ్రాంక్ బేకర్, జేమ్స్ టౌన్‌సెండ్, షెపర్డ్ మాలరీ. తిరుగుబాటు సైన్యం కోసం ఫిరంగి దిబ్బ కట్టే పనిలో పెట్టిన బానిసలు వాళ్లు. యజమాని తరఫున ఒక అధికారి వచ్చి, పారిపోయిన బానిసల చట్టం ప్రకారం తిరిగి అప్పగించమన్నాడు. కోట అధిపతి జనరల్ బెంజమిన్ బట్లర్ వృత్తిరీత్యా లాయరు. ‘మీరు వేరే దేశమని చెప్పుకుంటున్నారు కదా, మా దేశపు చట్టం మీకెందుకు వర్తిస్తుంది’ అన్న వాదన లేవదీశాడు. శత్రువు యుద్ధానికి వాడుకునే సొత్తును స్వాధీనం చేసుకునే హక్కు ఉందంటూ ముగ్గురినీ అట్టే పెట్టుకున్నాడు. మనుషులను సొత్తుగా ఒప్పుకుంటూనే వాళ్లను వదలకుండా ఉండే ఉపాయం అది. కబురు తోటల్లోకి పాకింది. జులై ఆఖరుకు ఆ కోట చుట్టూ దాదాపు 900 మంది చేరారు.

సైన్యం చేతిలో పడిన ఈ సమస్యకు కాంగ్రెస్, అంటే అక్కడి పార్లమెంటు, చట్టరూపం ఇవ్వాల్సి వచ్చింది. 1861 ఆగస్టు 6న తిరుగుబాటుకు వాడిన బానిసలను స్వాధీనం చేసుకునే మొదటి చట్టం వచ్చింది. 1862 మార్చిలో, పారిపోయి వచ్చినవాళ్లను సైనికాధికారులు వెనక్కి పంపకూడదన్న నిబంధన వచ్చింది. ఏప్రిల్ 16న రాజధాని వాషింగ్టన్‌లో బానిసత్వం రద్దయింది. యజమానులకు మనిషికి సగటున 300 డాలర్లు మించకుండా పరిహారం ఇచ్చారు, విముక్తులకు మాత్రం అలాంటి పరిహారమేమీ లేదు. జులై 17న రెండో స్వాధీన చట్టం వచ్చింది. ఇంత జరుగుతుండగా లింకన్ జనరల్ ఫ్రీమాంట్, జనరల్ హంటర్ తమంతట తాము ఇచ్చిన విముక్తి ఉత్తర్వులను రద్దు చేస్తూ వచ్చాడు. సరిహద్దు రాష్ట్రాలు చేజారిపోతాయన్నది ఆయన లెక్క. తన ప్రకటన ముసాయిదాను మంత్రివర్గానికి చదివి వినిపించింది 1862 జులై 22న.

ఈ తేదీలను వరుసగా పెట్టుకుంటే ప్రకటన తీవ్రత తగ్గదు గానీ దాని చోటు మారుతుంది. కోటలకు పారిపోయి వచ్చినవాళ్లు సైన్యాన్ని, సైన్యం కాంగ్రెస్‌ను, కాంగ్రెస్ అధ్యక్షుడిని నెట్టుకుంటూ వచ్చిన వరుసలో అది ఒక పెద్ద మెట్టు. దాంతో నల్లజాతి వాళ్లకు సైన్యంలో తలుపు తెరుచుకుంది. యుద్ధం ముగిసేనాటికి దాదాపు 1.79 లక్షల మంది చేరారు. యూనియన్ సైన్యంలో సుమారు పదో వంతు. అధ్యక్షుడి కథగా మాత్రమే చెబితే చర్చ అంతా లింకన్ మనసులో ఏముంది, ఆయన నిజాయితీ ఎంత అన్నచోటే తిరుగుతుంది. నూటయాభై ఏళ్లుగా తిరుగుతూనే ఉంది. ఆ చర్చలో బేకర్, టౌన్‌సెండ్, మాలరీల పేర్లు రావు.

గడ్డాల అధ్యక్షులు, చీకటి కాలం

అధ్యక్షుడు ఘనుడైతే ఆయన కాలం వెలుగుతుంది. అధ్యక్షుడు అనామకుడైతే ఆ కాలమంతా చీకట్లోకి పోతుంది. 1877 నుంచి 1901 దాకా చూడండి: హేస్, గార్ఫీల్డ్, ఆర్థర్, క్లీవ్‌లాండ్, హారిసన్, మళ్లీ క్లీవ్‌లాండ్, మెకిన్లీ. బొమ్మలు చూపిస్తే అమెరికన్లకే ఎవరెవరో తెలియదు. మెకిన్లీ తప్ప అందరికీ గడ్డమో మీసమో ఉంటుంది, గుర్తుండేది అంతవరకే. ఆ పాతికేళ్లూ పుస్తకాల్లో గబగబా దాటిపోయే పేజీలు.

కానీ ఇప్పుడు మనం చూస్తున్న అమెరికా చాలావరకు అప్పుడే తయారైంది. 1877లో రైల్వే కార్మికుల సమ్మె రాష్ట్రం తర్వాత రాష్ట్రానికి పాకింది. 1883 నవంబర్ 18న రైల్వే కంపెనీలు తమలో తాము మాట్లాడుకుని దేశాన్ని టైమ్ జోన్లుగా విడగొట్టాయి. అంతవరకు ప్రతి ఊరూ నడినెత్తిన సూర్యుడిని బట్టి గడియారం దిద్దుకునేది. అధ్యక్షుడి ఉత్తర్వు లేదు, కాంగ్రెస్ చట్టం లేదు. ఆ విభజనకు చట్టబద్ధత వచ్చింది 1918లో. దేశం మొత్తం గడియారాలను మార్చిన నిర్ణయం కంపెనీల టైమ్‌టేబుల్ సమావేశంలో జరిగిందంటే, ఆ కాలంలో అధికారం ఎక్కడుండేదో అర్థమవుతుంది.

1887 నాటి డాస్ చట్టం ఆదివాసీ జాతుల ఉమ్మడి భూములను కుటుంబాలవారీగా ముక్కలు చేసి, మిగిలిందంటూ తేల్చిన భూమిని బయటివారికి తెరిచింది. అప్పట్లో 13.8 కోట్ల ఎకరాలున్న ఆదివాసీ భూమి 1934 నాటికి 4.8 కోట్లకు పడిపోయింది. 1890లో మిసిసిపీ కొత్త రాష్ట్ర రాజ్యాంగం రాసుకుని, ఓటు పన్ను, అక్షరాస్యత పరీక్షల పేరుతో నల్లజాతి ఓటర్లను జాబితాల్లోంచి తప్పించింది. మిగతా దక్షిణాది రాష్ట్రాలు అదే దారి పట్టాయి. 1896లో సుప్రీంకోర్టు ప్లెసీ కేసులో, రైళ్లలో నల్లజాతివాళ్లకు వేరు బోగీలు పెట్టడం సమానత్వానికి భంగం కాదని తీర్పిచ్చింది. ఓటు హక్కును రాష్ట్రాలు లాక్కున్నాయి, కోర్టు వేర్పాటుకు ముద్ర వేసింది. వైట్‌హౌస్ వైపు నుంచి చూస్తే ఈ రెండూ కనబడవు, ఎందుకంటే ఆ కాలపు అధ్యక్షులు ఇందులో చేసింది పెద్దగా ఏమీ లేదు. చేయకపోవడమే వాళ్ల పాత్ర. ఊరుకున్నందువల్ల జరిగిన నష్టాన్ని అధ్యాయంగా రాయడం కష్టం.

ఎవరి ఏలుబడిలో జరిగింది, ఎవరి వల్ల జరిగింది

అధ్యక్షుల వరుస చేసే మామూలు పొరపాటు, ఒకరు విత్తినదాన్ని మరొకరి ఖాతాలో వేయడం. రెండు వైపులా జరుగుతుంది ఇది.

చెరోకీల తరలింపు తీసుకోండి. జనం నోట ఇది ఆండ్రూ జాక్సన్ పని. ఆదివాసీల తరలింపు చట్టం మీద ఆయన 1830 మే 28న సంతకం చేసిన మాట నిజం. ప్రతినిధుల సభలో అది అతి స్వల్ప తేడాతో బయటపడింది. కానీ చెరోకీలను తుపాకుల నీడలో పశ్చిమానికి నడిపించింది 1838–39లో, మార్టిన్ వాన్ బ్యూరెన్ పదవిలో ఉండగా. మధ్యలో జార్జియా రాష్ట్రం వాళ్ల భూముల మీద తన చట్టాలు రుద్దింది. 1829 ప్రాంతంలో అక్కడ బంగారం దొరకడంతో జనం ఎగబడ్డారు. 1832లో సుప్రీంకోర్టు జార్జియాకు ఆ అధికారం లేదని చెప్పినా అమలు చేసే నాథుడు లేడు. 1835 డిసెంబర్‌లో చెరోకీల్లో కొద్దిమంది, తమ ప్రభుత్వం అనుమతి లేకుండా, న్యూ ఎకోటా దగ్గర ఒప్పందం మీద సంతకాలు చేశారు. ముఖ్యనాయకుడు జాన్ రాస్ నాయకత్వంలో వేలమంది సంతకాలతో వ్యతిరేక అర్జీ వెళ్లినా, 1836లో సెనేట్ ఆ ఒప్పందాన్ని కావలసిన దానికంటే ఒక్క ఓటు ఎక్కువతో ఆమోదించింది. సుమారు 16,000 మందిని తరలిస్తే దాదాపు 4,000 మంది చనిపోయారని అంచనా. జాక్సన్ బాధ్యత ఇందులో ఏమాత్రం తగ్గదు. ఆయన ఒక్కడి మీదే మొత్తం మోపితే మాత్రం జార్జియా శాసనసభ, పత్తి సాగుదార్లు, సెనేట్, సైన్యాన్ని పంపిన వాన్ బ్యూరెన్ అందరూ చల్లగా తప్పుకుంటారు.

ఆర్థిక వ్యవహారాల్లో ఈ తికమక ఇంకా ఎక్కువ. 1970ల ద్రవ్యోల్బణాన్ని అణచిన ఖ్యాతి రోనాల్డ్ రీగన్‌కు దక్కింది. ఆ పని చేసింది ఫెడరల్ రిజర్వ్, అంటే మన రిజర్వు బ్యాంకు లాంటి సంస్థ. దాని అధిపతిగా పాల్ వోల్కర్‌ను 1979లో నియమించింది జిమ్మీ కార్టర్. వోల్కర్ అదే ఏడాది అక్టోబర్‌లో డబ్బు సరఫరాకు కళ్లెం వేశాడు. వడ్డీరేట్లు 1981 నాటికి 20 శాతం దరిదాపులకు వెళ్లాయి. 1980లో సగటున 13.5 శాతం ఉన్న ద్రవ్యోల్బణం 1983కు 3.2 శాతానికి దిగింది. మధ్యలో, 1982 చివర్లో, నిరుద్యోగం 10.8 శాతానికి చేరింది. మందు చేదు కార్టర్ మింగి 1980 ఎన్నికల్లో ఓడాడు, నయమైన పేరు రీగన్‌కు వచ్చింది. రీగన్ వంతు కూడా ఉంది: నిరుద్యోగం అంత పెరిగినా వోల్కర్‌ను కదపలేదు, 1983లో మళ్లీ నియమించాడు.

బడ్జెట్ లోటు లెక్కల్లో మరో ఉచ్చు ఉంది. అధ్యక్షుడు జనవరి 20న పదవిలోకి వస్తాడు, కేంద్ర ప్రభుత్వ ఆర్థిక సంవత్సరం మాత్రం అక్టోబర్ 1న మొదలవుతుంది. 1976కు ముందు జులై 1న మొదలయ్యేది. కాబట్టి కొత్త అధ్యక్షుడి మొదటి ఎనిమిది నెలలు పాత బడ్జెట్టే నడుస్తుంది. 2009 ఆర్థిక సంవత్సరపు లోటు 1.4 లక్షల కోట్ల డాలర్ల చుట్టూ తేలింది. ఆ సంవత్సరం మొదలైంది 2008 అక్టోబర్ 1న, జార్జి బుష్ పదవిలో ఉండగా. బ్యాంకులను ఆదుకునే చట్టం మీద ఆయన సంతకం చేసింది అక్టోబర్ 3న. 78,700 కోట్ల డాలర్ల ఉద్దీపన చట్టం మీద ఒబామా సంతకం చేసింది 2009 ఫిబ్రవరి 17న. మాంద్యం వల్ల పన్నుల రాబడి పడిపోవడానికి ఇద్దరి సంతకాలతోనూ సంబంధం లేదు. ‘ఒబామా మొదటి ఏడాది లోటు’ అని ఎవరైనా పట్టిక చూపిస్తే మొదట అడగవలసింది ఆ ఏడాది ఏ తేదీన మొదలైందని.

తెలుగువాళ్లు అక్కడికి చేరిన దారి

అమెరికాలో తెలుగు కుటుంబాలు ఇంతమంది ఉండటానికి కారణమైన చట్టాలను వరుసగా చూస్తే, అధ్యక్షుల పేర్లతో చెప్పే చరిత్ర ఎంత తప్పుదారి పట్టించగలదో తేలిగ్గా తెలుస్తుంది. ఇండియా సహా ఆసియాలో చాలా భాగం నుంచి వలసను నిషేధించిన 1917 చట్టాన్ని ఉడ్రో విల్సన్ వీటో చేశాడు. ఆసియావాళ్ల మీద ప్రేమతో కాదు, అందులోని అక్షరాస్యత పరీక్ష నచ్చక. కాంగ్రెస్ వీటోను తోసిపుచ్చి చట్టం చేసింది. ‘విల్సన్ కాలపు వలస నిషేధం’ అంటే తేదీ సరే, కర్త తప్పు. 1923లో భగత్‌సింగ్ థింద్ కేసులో సుప్రీంకోర్టు భారతీయులు శ్వేతజాతి కిందికి రారని, కాబట్టి పౌరసత్వానికి అర్హులు కారని తేల్చింది. అంతకు ముందు పౌరసత్వం పొందినవాళ్లలో చాలామందికి దాన్ని రద్దు చేశారు. 1924లో కాంగ్రెస్ దేశాలవారీ కోటాలు పెట్టింది. ఈసారి కాల్విన్ కూలిడ్జ్ సంతకం చేశాడు. 1946లో రిపబ్లికన్ సభ్యురాలు క్లేర్ బూత్ లూస్, డెమోక్రాట్ ఇమాన్యుయెల్ సెల్లర్ కలిసి నెట్టిన చట్టంతో భారతీయులకు పౌరసత్వ హక్కూ ఏడాదికి 100 మంది కోటా దక్కాయి. 1952లో పాత కోటాలను కొనసాగించే చట్టాన్ని హ్యారీ ట్రూమన్ వీటో చేస్తే కాంగ్రెస్ దాన్నీ తోసిపుచ్చింది.

ఇక 1965. లిండన్ జాన్సన్ అక్టోబర్ 3న లిబర్టీ విగ్రహం పాదాల దగ్గర బల్ల వేయించుకుని కొత్త వలస చట్టం మీద సంతకం చేశాడు. ఆ ఫొటో ఎంత ప్రసిద్ధమో, ఆ రోజు ఆయన అన్న మాట అంత మరుగున పడింది: ఇది విప్లవాత్మక చట్టం కాదని, లక్షలాది మంది జీవితాలను మార్చేది కాదని చెప్పాడు. చట్టం వెనక ఉన్న మనిషి సెల్లర్. 1923లో సభకు వచ్చి, 1924 కోటా చట్టాన్ని వ్యతిరేకిస్తూ మాట్లాడిన ఆయనకు దాన్ని కూల్చడానికి నలభై ఏళ్లు పట్టింది. బిల్లు రూపాన్ని మార్చింది మాత్రం ఒహాయో సభ్యుడు మైకేల్ ఫీగన్. నైపుణ్యం ఉన్నవాళ్లకు మొదటి ప్రాధాన్యం ఇవ్వాలని ప్రభుత్వం అనుకుంటే, వలస ఉపసంఘానికి అధ్యక్షుడైన ఆయన పట్టుబట్టి కుటుంబ బంధాలను పైకి తెచ్చాడు. అప్పటికే అక్కడున్నవాళ్లలో ఎక్కువమంది యూరప్ మూలాలవాళ్లు కాబట్టి, కుటుంబాల ద్వారా వచ్చేది కూడా యూరప్ వాళ్లేనన్నది ఆ ఏర్పాటు మీద పెట్టుకున్న ఆశ. జరిగింది వేరు. యూరప్ దేశాలు బాగుపడి అక్కడివాళ్లు రావడం తగ్గింది. నైపుణ్యం కోటాలో మన డాక్టర్లు, ఇంజనీర్లు వెళ్లారు, పౌరులయ్యారు, అన్నదమ్ములను, అక్కచెల్లెళ్లను రప్పించుకున్నారు. ఫీగన్ పెట్టిన కుటుంబ నిబంధనే ఆసియా వలసకు బాట వేసింది.

1990 నవంబర్ 29న పెద్ద బుష్ సంతకం చేసిన చట్టం హెచ్-1బి వీసాకు ఇప్పటి రూపం ఇచ్చి ఏడాదికి 65,000 పరిమితి పెట్టింది. ఉద్యోగం ఆధారంగా ఇచ్చే గ్రీన్ కార్డులు ఏడాదికి సుమారు 1.4 లక్షలు, ఏ ఒక్క దేశానికీ 7 శాతం మించకూడదు. హైదరాబాద్ నుంచి వెళ్లి గ్రీన్ కార్డు వరుసలో ఏళ్లకేళ్లు నిలబడ్డవాళ్ల అవస్థకు మూలం ఈ 7 శాతం. ప్రతి ఎన్నికలోనూ ‘ఎవరు వస్తే మనకు మంచిది’ అని మనవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో చర్చ వేడెక్కుతుంది గానీ, ఆ శాతాన్ని మార్చే శక్తి ఏ అధ్యక్షుడికీ లేదు, కాంగ్రెస్‌కే ఉంది. హెచ్-1బి పరిమితి 1999, 2000 ఆర్థిక సంవత్సరాలకు 1,15,000కు, 2001 నుంచి 2003 దాకా 1,95,000కు పెరిగి, 2004లో మళ్లీ 65,000కు పడిందంటే అదంతా కాంగ్రెస్ చట్టాలు పెట్టిన గడువుల ప్రకారమే. అధ్యక్షుడి చేతిలో ఉన్నవి వేరు. హెచ్-1బి ఉద్యోగుల భార్యాభర్తల్లో కొందరికి 2015లో పని అనుమతి వచ్చింది ప్రభుత్వ శాఖ నిబంధనతో. కొత్త హెచ్-1బి దరఖాస్తులకు లక్ష డాలర్లు కట్టాలన్న 2025 సెప్టెంబర్ 19 నాటి ఆదేశం ట్రంప్ ప్రకటన ద్వారా వచ్చింది. ఇలాంటివి కోర్టుకెక్కుతాయి, తర్వాతి అధ్యక్షుడు తిప్పేయగలడు కూడా. చట్టానికి, నిబంధనకు, ప్రకటనకు ఉన్న ఈ తేడా తెలియకపోతే వార్త అర్థం కాదు, చరిత్రా అర్థం కాదు.

అధ్యక్షుడే కర్త అయిన చోట్లు

ఇదంతా చదివి అధ్యక్షులు ఉత్త ఉత్సవ విగ్రహాలు అనుకుంటే అదీ పొరపాటే. కొన్ని నిర్ణయాలు నిజంగానే ఒక మనిషివి. 1803లో లూసియానాను కోటిన్నర డాలర్లకు కొనే అధికారం రాజ్యాంగం తనకిచ్చిందా అని జెఫర్సన్‌కే అనుమానం. అయినా కొన్నాడు, దేశం దాదాపు రెట్టింపయింది. 1962 అక్టోబర్‌లో క్యూబా క్షిపణుల మీద వైమానిక దాడి చేయాలని సలహాదారుల్లో పలువురు మొదట్లో ఒత్తిడి తెచ్చినా కెనెడీ నౌకా దిగ్బంధం వైపు మొగ్గాడు. వాటర్‌గేట్ కుంభకోణంలో పదవి వదులుకున్న నిక్సన్‌కు 1974 సెప్టెంబర్ 8న ఫోర్డ్ ఇచ్చిన క్షమాభిక్షకు ఎవరి ఓటూ అక్కర్లేదు. యుద్ధం, విదేశాంగం, క్షమాభిక్ష: ఈ మూడింట్లో అధ్యక్షుడి పేరుతో చరిత్ర చెప్పడం చాలావరకు న్యాయమే. అమెరికన్ కాంగ్రెస్ లాంఛనంగా యుద్ధం ప్రకటించడం 1942 జూన్‌తో ఆఖరు. కొరియా నుంచి ఇటు యుద్ధాలన్నీ అలాంటి ప్రకటన లేకుండా జరిగినవే.

పదవి కూడా అప్పటిలా లేదు. 1929లో కేంద్ర ప్రభుత్వ ఖర్చు జాతీయోత్పత్తిలో 3 శాతం చుట్టుపక్కల ఉండేది. అధ్యక్షుడికంటూ ప్రత్యేక కార్యాలయ వ్యవస్థ 1939లో ఫ్రాంక్లిన్ రూజ్వెల్ట్ హయాంలో ఏర్పడింది. అందుకే ‘ఫలానా అధ్యక్షుడి యుగం’ అన్న చట్రం 1933 తర్వాతి కాలానికి ఒక మోస్తరుగా సరిపోతుంది, 1880లకు సరిపోదు. సరిపోయినచోట కూడా జాగ్రత్తగా చూడాలి. సుమారు 1.2 లక్షల మంది జపాన్ మూలాలవాళ్లను శిబిరాల్లో పెట్టించిన ఉత్తర్వు 9066 మీద రూజ్వెల్ట్ 1942 ఫిబ్రవరి 19న సంతకం చేశాడు. దాన్ని ఉల్లంఘించడం నేరమని మార్చిలో చట్టం చేసింది కాంగ్రెస్, 1944లో కొరెమాట్సు కేసులో సమర్థించింది సుప్రీంకోర్టు.

పేరు ప్రతిష్ఠలు తయారయ్యే చోట్లు

ఏ అధ్యక్షుడు ఘనుడన్నది కూడా కాలంతో మారుతుంది. 1948లో చరిత్రకారుడు ఆర్థర్ ష్లెసింజర్ సీనియర్ 55 మందిని అడిగి ‘లైఫ్’ పత్రికలో ర్యాంకులు వేయడంతో ఈ ఆట మొదలైంది. ఇప్పుడు బాగా చెప్పుకునేది సీ-స్పాన్ టీవీ సంస్థ 2000, 2009, 2017, 2021లలో జరిపిన సర్వే. పది అంశాలకు విడివిడిగా మార్కులు వేసి కలుపుతారు. అందులో యులిసిస్ గ్రాంట్ 33 నుంచి 20కి ఎగబాకాడు. ఆండ్రూ జాక్సన్ 13 నుంచి 22కు జారాడు. విల్సన్ 6 నుంచి 13కు దిగాడు. పోయిన మనుషులు కొత్తగా చేసిందేమీ లేదు. మారింది అంతర్యుద్ధం తర్వాతి పునర్నిర్మాణ కాలం మీద దృష్టి. కొలంబియా యూనివర్సిటీలో విలియం డన్నింగ్ శిష్యులు ఆ కాలాన్ని అవినీతి పాలనగా చిత్రించినంతకాలం గ్రాంట్ చేతగాని అధ్యక్షుడు. నల్లజాతి పౌరుల హక్కుల కోణం నుంచి చూడటం మొదలయ్యాక, నల్లజాతివాళ్ల మీద దాడులు చేసిన కు క్లక్స్ క్లాన్ ముఠాల మీద 1870–71 చట్టాలను ప్రయోగించిన అధ్యక్షుడిగా పైకొచ్చాడు. కేంద్ర కార్యాలయాల్లో వేర్పాటును పెంచనిచ్చిన విల్సన్ అదే చూపుతో కిందికి దిగాడు. ర్యాంకుల పట్టిక అధ్యక్షుల గురించి కంటే సర్వే జరిపిన ఏడాది గురించే ఎక్కువ చెబుతుంది.

రాతిలో చెక్కింది మాత్రం మారదు. సౌత్ డకోటాలోని రష్మోర్ కొండ మీద 1927 నుంచి 1941 దాకా చెక్కిన నలుగురు అధ్యక్షుల తలలు ఒక్కొక్కటి 60 అడుగుల ఎత్తు. ఆ కొండ ఉన్న బ్లాక్ హిల్స్ 1868 ఒప్పందం ప్రకారం సూ జాతికి చెందిన లకోటాలవి, 1877లో లాక్కున్నారు. అది అన్యాయమని 1980లో సుప్రీంకోర్టే తేల్చి పరిహారం ఖరారు చేసింది. సూ జాతివాళ్లు డబ్బు ముట్టలేదు, భూమే కావాలన్నారు. ఇప్పటికీ అదే మాట.

ఇక కాగితాల సంగతి. 20వ శతాబ్దంలో చాలాకాలం దాకా అధ్యక్షుడి కాగితాలు ఆయన సొంత ఆస్తి. లింకన్ కాగితాలను కొడుకు రాబర్ట్ తాను చనిపోయిన 21 ఏళ్ల దాకా తెరవకూడదని షరతు పెట్టి ఇచ్చాడు. అవి 1947లో, హత్య జరిగిన 82 ఏళ్లకు బయటికొచ్చాయి. అంతవరకు రాసిన లింకన్ జీవితచరిత్రలు చాలావరకు వాటిని చూడకుండా రాసినవే. రూజ్వెల్ట్ 1941లో హైడ్ పార్క్‌లో లైబ్రరీ తెరిచి ప్రభుత్వానికి అప్పగించడంతో కొత్త పద్ధతి మొదలైంది. ఈ లైబ్రరీలకు భవనం కట్టేది అధ్యక్షుడి అభిమానుల విరాళాలతో, కాగితాలు చూసేది జాతీయ ఆర్కైవ్స్. అందుకే ఒకే కప్పు కింద పై అంతస్తు మ్యూజియంలో పొగడ్త, లోపలి గదుల్లో సాక్ష్యం ఉంటాయి. యోర్బా లిండాలోని నిక్సన్ లైబ్రరీ 1990లో ప్రైవేటుగా మొదలైనప్పుడు వాటర్‌గేట్ గది నిక్సన్ వైపు కథే చెప్పేది. 2007లో ఆర్కైవ్స్ చేతికి వచ్చాక ఆ గదిని విప్పేసి, 2011లో టేపులు, సాక్ష్యాలతో కొత్తది పెట్టారు.

కాగితం తెరుచుకుంటే పేరు ఎలా మారుతుందో చెప్పడానికి ఐజన్‌హోవర్‌ను మించిన ఉదాహరణ లేదు. 1962 సర్వేలో 31 మందిలో 22వ వాడు. గోల్ఫ్ ఆడుతూ పాలనను కింది వాళ్లకు వదిలేశాడన్నది అప్పటి అభిప్రాయం. 1970లలో కాన్సస్‌లోని ఆబిలీన్ లైబ్రరీలో ఆయన కార్యదర్శి ఆన్ విట్‌మన్ దాచిన ఫైళ్లు తెరుచుకున్నాయి. సమావేశాల నోట్సులో, డైరీల్లో తెర వెనక అన్నీ తానై నడిపిన మనిషి కనిపించాడు. 2017, 2021 సీ-స్పాన్ పట్టికల్లో ఆయనది 5వ స్థానం.

నిక్సన్ వ్యవహారం తర్వాత చేసిన 1978 చట్టం, 1981 జనవరి 20 నుంచి పదవిలోకి వచ్చిన అధ్యక్షుల కాగితాలన్నీ ప్రభుత్వ ఆస్తి అంది. పదవి దిగిన అయిదేళ్లకు పౌరులు వాటిని అడగవచ్చు. సలహాదారులతో జరిపిన ఉత్తరప్రత్యుత్తరాల లాంటివాటిని అధ్యక్షుడు 12 ఏళ్ల దాకా ఆపి ఉంచవచ్చు. ఆ లెక్కన ఒబామా కాగితాల మీద ఆ గడువు 2029 జనవరిలో తీరుతుంది, ట్రంప్ మొదటి విడతవాటి మీద 2033లో, బైడెన్‌వాటి మీద 2037లో.